పెద్దవాటా

సూపర్‌వైజరు చాపను మూడు మడతలు వేసి, మడత మీద మోకాలు ఆనించి నొక్కాడు. చిటుక్కుమంది. ఎండుపుల్ల విరిగినంత చిన్న చప్పుడే. కానీ నేతగదిలో పద్దెనిమిది మగ్గాలూ ఒకదాని వెనక ఒకటి ఆగిపోయాయి. తుంగచాపలు నేసేవాళ్ళ చెవులు అలాంటివి. ఉరిమినా పట్టించుకోరు గానీ మడతలో పోచ విరిగితే మాత్రం తల తిప్పి చూస్తారు.

ఆ చాప పెద్దమ్మది.

సూపర్‌వైజరు దాన్ని విప్పి కిటికీ వెలుగుకి పట్టాడు. మడత పడ్డచోట పోచలు అడ్డంగా విరిగి లోపలి తెల్లటి గుల్ల కనిపిస్తోంది. అతను మంచివాడే. గొంతు పెంచడం చేతకాదు. చెడ్డ మాటయినా సరే, మెత్తగా చెబితే మెత్తగానే తగులుతుందని అతని నమ్మకం. అందుకే పక్కకి పిలిచి చెప్పాల్సింది అందరి ముందూ చెప్పాడు.

“ఈ నెలలో ఇది మూడోది, పెద్దమ్మా.”

“నాకూ మూడు దాకా లెక్క వచ్చులే, బాబూ.”

“చెక్క దెబ్బ ఒకచోట గట్టిగా, ఒకచోట వదులుగా పడుతోందేమో. చేతులు అలిసిపోయాయి. మీరు చేసిన పని తక్కువా ఏమిటి? వచ్చే వారం కోత మొదలైనప్పటి నుంచి అంచులు కుట్టే గదిలోకి రండి. హాయిగా కూర్చుని చేసుకునే పని. ఈ కిటికీ మగ్గం మీ కోడలికి ఇద్దాం. ఎటూ మీ ఇంట్లోనే ఉంటుంది కదా.”

ఆఖరి మాట ఓదార్పు అనుకున్నాడు అతను. ఆ గదిలో కిటికీ ఒక్కటే. దాని పక్క మగ్గానికి పొద్దున్నుంచి సాయంత్రం దాకా వెలుగు తగ్గదు, దీపం అక్కర్లేదు. పెద్దమ్మ పదకొండేళ్ళుగా అక్కడే కూర్చుంటోంది. ఆవిడ పేకను దగ్గరికి కొట్టే చెక్కని పడుగుదారాల మధ్య నుంచి తీసి, కొంగుతో తుడిచి, ఒళ్ళో పెట్టుకుంది. మూల మగ్గం దగ్గర కోడలు తల వంచుకుని, లేని ముడి ఏదో విప్పుతూ కూర్చుంది.

నేతగది వెనక గడప దిగితే చిత్తడి. కనుచూపు మేర తుంగ, మధ్య మధ్యలో నీళ్ళు. ఏటా కోతకి ముందు దాన్ని కర్రలు పాతి పద్దెనిమిది వాటాలు చేస్తారు. ఎవరి చాపలకి కావలసిన తుంగ వాళ్ళ వాటాలోంచి వాళ్ళే కోసుకోవాలి. ముందు ఏరుకునే హక్కు నేతగత్తెల్లో వయసున పెద్దావిడది. ఆ తర్వాత వయసు వరసన మిగతావాళ్ళు. అందరిలోకీ చిన్నదానికి మిగిలిందే వాటా. పెద్దావిడ ఏటా కాలువ మొగ ఏరుకుంటుంది. పై పొలాల నుంచి వచ్చే కాలువ చిత్తడిలో కలిసే చోటది. అక్కడ తుంగ మనిషిని మించి పెరిగి ముదురాకుపచ్చగా నిగనిగలాడుతుంది. చాప వెడల్పుకి ఒక్క పోచ చాలు, మధ్యలో అతుకే ఉండదు. దాన్ని అందరూ పెద్దవాటా అంటారు.

కోడలికి దక్కేది అవతలి మూల. అక్కడికి కాలువ నీళ్ళు చేరవు. తుంగ నడుము దాకా కూడా రాదు. ఒక్కో వరసకి రెండు పోచలు కలిపి అతకాలి. కొత్తలో ఆ పిల్ల నాలుక కొరుక్కుంటూ అతుకులు వేస్తుంటే పెద్దమ్మ నవ్వి, “చాప నేస్తున్నావా, చిరుగులు కుడుతున్నావా?” అని అడిగేది. ఆ చిరుగుల చాపలు ఈ ఏడు ఒక్కటీ మడతకి విరగలేదు.

సాయంత్రం ఇంట్లో పెద్దమ్మ సూదుల డబ్బా ముందేసుకుని కూర్చుంది. అన్నిటికన్నా సన్నది ఏరి దారం ఎక్కించింది. తీసింది. మళ్ళీ ఎక్కించింది. ఎడమ చేత్తో కూడా ఎక్కించింది. చేతులు వణకలేదు. వణికితేనే బాగుండేదేమో, కారణమైనా తెలిసేది.

పెద్దమ్మ మొగుడు ముసలాయన గుమ్మంలో మగ్గం చెక్కకి చిత్రిక పడుతూ ఇదంతా ఓరగా చూశాడు. ఆయనది నేతగదిలో మగ్గాలు బాగుచేసే పని, ఇంట్లో పెద్దమ్మని ఏడిపించే పని. రెండో పనిలోనే ఎక్కువ నైపుణ్యం.

“ఏమే, ఆ సూదితో ఇల్లంతా కుట్టేస్తావా? తలుపు మాత్రం వదిలెయ్, నేను బయటికి వెళ్ళాలి.”

“మీకు అన్నిటికీ వేళాకోళమే. రేపు నన్ను అంచుల గదిలో కూర్చోబెడితే తెలుస్తుంది.”

“నాకేం తెలుస్తుంది? ఇప్పుడు చాపల మీద చూపించే పెత్తనం అంచుల మీద చూపిస్తావు. పాపం ఆ అంచులు.”

మామూలు రోజయితే ఆవిడ గిన్నో చెంబో విసిరినట్టు నటించేది. ఇవాళ విసరలేదు. ముసలాయన చిత్రిక ఆపేసి కాసేపు చెక్కపొట్టు ఊదుతూ కూర్చున్నాడు.

వంటింట్లోంచి కోడలు వచ్చి అత్తగారి ఎదురుగా చతికిలబడింది. తుంగ చీల్చీ చీల్చీ దాని బొటనవేలి మీద ఎప్పుడూ ఒక సన్నటి గీత ఉంటుంది. ఆ గీతని గోకుతూ, “అత్తయ్యా, నేనే సరిగా ఆరబెట్టలేదేమో” అంది.

ఇద్దరి తుంగనీ చీల్చి, ఎండలో పరిచి, తిరగేసి, కట్టలు కట్టేది కోడలే. ఎండ చాలకపోయినా విరుగుతుంది, ఎక్కువైనా విరుగుతుంది. ఆ మాటకి ‘ఛ, నువ్వెందుకు సరిగా ఆరబెట్టవు’ అనడానికి ఒక్క క్షణం చాలు. పెద్దమ్మ ఆ క్షణాన్ని సూది బెజ్జంలోకి చూస్తూ గడిపేసింది.

మర్నాడు పని మొదలైన కాసేపటికి సూపర్‌వైజరు నవ్వుమొహంతో కిటికీ దగ్గరికి వచ్చాడు.

“మీ చేతులది తప్పు కాదట, పెద్దమ్మా. మీ కోడలు పొద్దున్నే వచ్చి ఒప్పుకుంది. మీ కట్టలు సరిగా ఎండకుండానే లోపల పెట్టేసిందట. నిన్నటి మాట మర్చిపోండి. మగ్గం మీదే.”

పెద్దమ్మకి ముందు ప్రాణం లేచి వచ్చింది. అబద్ధం ఎందుకు, ఆ క్షణంలో సంతోషమే వేసింది. చేతులు మంచివే. కళ్ళు మంచివే. చెక్క తీసుకుని నాలుగు వరసలు టకటకా కొట్టేసింది. అయిదో వరసకి తలెత్తితే మూల మగ్గం ఖాళీగా ఉంది.

“ఏదీ మా అమ్మాయి?”

సూపర్‌వైజరు మొహంలో నవ్వు కాస్త తగ్గింది. “తుంగ చీల్చే కొట్టంలోకి పంపాను. తనవి బాగా ఆరబెట్టుకుని మీవి వదిలేసిందంటే, పెద్దమ్మా, అది ఏమరుపాటు ఒక్కటే కాదేమో. మీ మగ్గం తనకి వస్తుందని తెలుసు కదా. నేను అడిగాను, కావాలనే చేశావా అని. తల వంచుకుంది. ఈ ఏడాదికి మగ్గం లేదని చెప్పాను.”

గదిలో చెక్కల చప్పుడు తగ్గి గుసగుసలు మొదలయ్యాయి. రెండో మగ్గం ఆవిడ పక్కావిడతో, “చూడ్డానికి నోట్లో నాలుక లేనట్టుంటుంది” అంటోంది. ఈ రెండో మగ్గం ఆవిడ వయసులో పెద్దమ్మ తర్వాతది. పెద్దవాటా తన వంతుకి ఎప్పుడొస్తుందా అని పదకొండేళ్ళుగా పెద్దమ్మ ఆరోగ్యం మీద చాలా శ్రద్ధ చూపిస్తోంది.

పెద్దమ్మకి ఆ సాయంత్రం దాకా కిటికీ వెలుగు కళ్ళలో పొడిచింది. ఎండబెట్టేది ఒకే పెరట్లో, ఒకే రోజున. పోయినేడు మబ్బు పట్టినప్పుడు ఆ పిల్ల పరుగెత్తుకొచ్చి ముందు ఎవరి కట్టలు లోపలికి మోసిందో పెద్దమ్మ అరుగు మీద కూర్చుని కళ్ళారా చూసింది. ముందు పెద్దమ్మవే మోసింది. తర్వాత చినుకుల్లో తన కట్టలు. రోజుకి పెద్దమ్మవి మూడుసార్లు తిరగేసేది, తనవి రెండుసార్లు. ఈ సంగతి లేచి చెప్పడానికి రోజంతా ఉంది. కానీ చెబితే తప్పు మళ్ళీ చేతుల మీదకి వస్తుంది. పెద్దమ్మ నేస్తూనే ఉంది. తన మీద తనకి అంత అసహ్యం ఎప్పుడూ వేయలేదు.

ఇంటికి వచ్చాక పెరట్లో బట్టలు తీస్తున్న కోడల్ని పట్టుకుంది.

“ఎందుకు చెప్పావే అంత అబద్ధం?”

“మీ మీద మాట పడితే పోదత్తయ్యా. నేను చిన్నదాన్ని, నాలుగు రోజులు అనుకుని మర్చిపోతారు.”

“కావాలని చేశావంటున్నారు. నేనంటే గిట్టక చేశావంటున్నారు.”

కోడలు తువ్వాలు మడత పెట్టి భుజం మీద వేసుకుంది. “అంటే అననివ్వండి. గిట్టడం గిట్టకపోవడం మన ఇద్దరికీ తెలుసు కదా. అయినా ఆ కిటికీ పక్కన మీరు లేకపోతే నాకు నేత సాగదు. మూల నుంచి తలెత్తితే మీ వీపు కనిపించాలి.”

పెద్దమ్మ కోడలి చేతిలోంచి బట్టలు లాక్కుని, “ఇలాగేనా మడతలు వేసేది” అని గొణుగుతూ అన్నీ విప్పి మళ్ళీ మడిచింది. ప్రేమ ముంచుకొస్తే ఆవిడకి తెలిసిన దారి అదొక్కటే.

మూడో రోజు సెలవు. పొద్దున్నే మట్టి మేడం వచ్చింది. ఆవిడ చిత్తడి నేల మీద పరిశోధన చేస్తుంది. మోకాళ్ళ దాకా రబ్బరు బూట్లు వేసుకుని, బారెడు ఇనప గొట్టాన్ని బురదలో దించి, పైకి లాగి, లోపలి మట్టిని సీసాల్లో నింపుకుపోతుంది. రెండేళ్ళుగా పనిముట్లు కడుక్కోవడానికి వీళ్ళ పెరటి కుళాయి దగ్గరికే వస్తుంది. ఇంత చదువుకుని బురద మోసుకుపోవడమేమిటని పెద్దమ్మకి జాలి. ఎప్పుడొచ్చినా తినడానికి ఏదో ఒకటి పెట్టందే పంపదు.

ఆ రోజు మేడం ఒక పలక మీద రెండు మట్టి కడ్డీలు పక్కపక్కన పెట్టి కొలుస్తోంది. ఒకటి గోధుమరంగులో పీచు పీచుగా, గట్టిగా నిలబడి ఉంది. రెండోది నల్లగా జావలా జారిపోయి పలక అంచు దాకా వచ్చింది. కుళ్ళుకంపు.

“ఇదెక్కడి దరిద్రమమ్మా?” అంది పెద్దమ్మ ముక్కు మూసుకుని.

మేడం తటపటాయించింది. “మీ పెద్దవాటాలోదండీ. ఆ మంచిది అవతలి మూలది.”

“తిరగేసి చెబుతున్నావు.”

“లేదండీ. రెండేళ్ళుగా ఇలాగే వస్తోంది. రండి, చూపిస్తాను.”

ఇద్దరూ గట్టు వెంట నడిచారు. కాలువ మొగ దగ్గర తుంగ ఆకాశాన్ని అడ్డుకుని నిలబడి ఉంది. దాని మధ్య మధ్యలో గోధుమరంగు కంకులేసుకున్న జమ్ము గడ్డి. మూడేళ్ళుగా ఆ జమ్ముని పెద్దమ్మ కోసి పక్కన పారేస్తూనే ఉంది, అది తిరిగి మొలుస్తూనే ఉంది.

“ఒక దుబ్బు పీకండి” అంది మేడం.

తుంగ దుబ్బు పీకడం ఆషామాషీ కాదు. పెద్దమ్మ చీర ఎగ్గట్టి, కాళ్ళు ఎడం చేసి, రెండు చేతులా పట్టుకుని, ఊపిరి బిగించి, బలమంతా పెట్టి లాగింది. దుబ్బు ఏ పేచీ లేకుండా చేతిలోకి వచ్చేసింది. ఆ ఊపుకి పెద్దమ్మ వెనక్కి పడి బురదలో కూర్చుండిపోయింది. అరవై నాలుగేళ్ళ మనిషి, చేతిలో తనకన్నా పొడుగైన తుంగ, దాని అడుగున మాత్రం పిడికెడు వేళ్ళు.

మేడం గాభరాగా చెయ్యి అందించింది. పెద్దమ్మ లేవలేదు. ఆ వేళ్ళనే చూస్తూ, “ఇంతేనా?” అంది.

“అంతేనండీ. పైన పొలాల్లో వేసే ఎరువు అంతా పంటకి అందదు. మిగిలింది వానకి కడుక్కుని కాలువలో పడి ఇక్కడికి చేరుతుంది. తుంగకి కూర్చున్నచోటికే కంచం వచ్చినట్టు. ఇంక తిండి వెతుక్కుంటూ వేళ్ళు ఎక్కడికీ వెళ్ళక్కర్లేదు కదా. అంతా పైకే పెరుగుతుంది.”

“మరి పోచ?”

“ఆత్రంగా పెరిగిన పోచ. పైపొర పల్చన, లోపలంతా గుల్ల. పచ్చిగా ఉన్నప్పుడు నిగనిగలాడుతుంది. ఎండాక మడిస్తే విరుగుతుంది.”

పెద్దమ్మ చేతిలో పోచని వేళ్ళ మధ్య నలిపింది. చప్పున అణిగిపోయింది.

“మట్టీ అంతే” అంది మేడం. “దాన్ని పట్టుకుని ఉంచేది వేళ్ళే. అవి తగ్గాయి. పాత వేళ్ళూ, మీరు కోసి ఇక్కడే వదిలేసిన చెత్తా ఎరువు తగిలి గబగబా కుళ్ళిపోతున్నాయి. నేల దిగబడుతోంది. ఇలాగే ఉంటే కొన్నేళ్ళకి తుంగ పోయి జమ్మే మిగులుతుంది.”

“మా అత్తగారు కూడా ఇక్కడే ఏరుకునేదమ్మా.”

“ఆవిడ రోజుల్లో ఇది మంచి చోటే అయ్యుంటుందండీ. కాలువలో వట్టి నీళ్ళే వచ్చుంటాయి.”

ఆ మాటకి పెద్దమ్మకి మేడం మీద చెప్పలేనంత ఇష్టం కలిగింది. లేచి, బురద చీరతోనే అవతలి మూల దాకా నడిచింది. అక్కడ నడుము దాకా కూడా రాని తుంగని పట్టుకుని లాగింది. కదల్లేదు. మేడం కూడా చెయ్యి వేసింది. ఇద్దరూ కలిసి లాగినా నాలుగు పోచలు తెగి వచ్చాయి గానీ దుబ్బు రాలేదు. పెద్దమ్మ అక్కడే గట్టు మీద కూర్చుని చాలాసేపు నవ్వింది. నవ్వుతూ నవ్వుతూ కళ్ళు తుడుచుకుంది.

ఇంటికి వస్తే ముసలాయన ఆవిడ చీర వెనక భాగం చూసి, “పెద్దవాటా అంతా నువ్వే మోసుకొచ్చినట్టున్నావే” అన్నాడు.

“అవును” అంది పెద్దమ్మ. “ఇన్నేళ్ళూ నేను ఏరుకున్నది ఇదే.”

మర్నాడే వాటాల రోజు. పొద్దున్నే పదిహేడు మంది నేతగత్తెలూ కొడవళ్ళతో గట్టు మీద చేరారు. చీల్చే కొట్టంలోంచి కోడలు కూడా వచ్చింది గానీ అందరికీ కాస్త ఎడంగా నిలబడింది. మగ్గం లేనివాళ్ళకి వాటా ఉండదు. సూపర్‌వైజరు పాతిన కర్రలన్నీ ఒకసారి చూసుకుని, “ఊఁ, పెద్దమ్మా, మొదలుపెట్టండి” అన్నాడు.

పెద్దమ్మ కాలువ మొగ దగ్గరికి వెళ్ళింది. ఇందులో వింతేమీ లేదు కాబట్టి ఎవరూ పట్టించుకోలేదు. ఆవిడ వంగి, ఒక్క చేత్తో ఓ దుబ్బు పీకింది. దాన్ని భుజాన వేసుకుని, చిత్తడి చుట్టూ నడవడం మొదలుపెట్టింది. గట్టు పొడుగు. ఆవిడ నడక నెమ్మది. మొదట సూపర్‌వైజరు వెళ్ళాడు, తర్వాత రెండో మగ్గం ఆవిడ, ఆ వెనక అందరూ. ఎక్కడికి వెళుతున్నారో తెలియకపోయినా ఆవిడని దాటి వెళ్ళే అలవాటు వాళ్ళకి లేదు.

అవతలి మూల చేరాక పెద్దమ్మ సూపర్‌వైజరుకి పొట్టి తుంగ చూపించింది. “పీకు బాబూ, ఒక్క దుబ్బు.”

అతను ఒక చేత్తో లాగాడు. రెండు చేతులతో లాగాడు. చొక్కా చేతులు మడిచి మళ్ళీ లాగాడు. ఎవరో కిసుక్కుమన్నారు. పెద్దమ్మ భుజం మీది దుబ్బు దించి దాని వేళ్ళు అందరికీ కనిపించేలా పట్టుకుంది. నడుముకి దోపుకున్న రెండు ఎండు పోచలు తీసింది. రెండూ కోడలు ఒకే రోజున, ఒకే ఎండలో ఆరబెట్టినవి. ఒకటి మడిచింది. చిటుక్కుమంది. రెండోది మడిచింది, విప్పింది, మళ్ళీ మడిచింది. చప్పుడే లేదు.

“నా చేతుల్లో తప్పులేదు. మా అమ్మాయి ఆరబెట్టడంలోనూ తప్పులేదు” అంది. “తప్పు నేను ఏరుకోవడంలో ఉంది. పొడుగు చూసి మురిసిపోయాను. మీ అందరికీ అదే నేర్పాను. కాలువలో ఎరువు కొట్టుకొచ్చి ఆ చోటు చెడిపోయింది. ఈ పిల్ల నాకోసం లేని తప్పు నెత్తిన వేసుకుంది. రెండు రోజులు నేను నోరు మూసుకుని కూర్చున్నాను. అది నా రెండో తప్పు.”

రెండో మగ్గం ఆవిడ చాలాసేపు తన కొడవలి పిడి చూసుకుని, చివరికి, “పోయిన నెల నాదీ ఒకటి విరిగింది. మొగ పక్క వాటాదే. చెప్పలేదు” అంది.

సూపర్‌వైజరు చేతుల బురద దులుపుకుని కోడలి దగ్గరికి వెళ్ళాడు. “అమ్మా, ఆ రోజు నిన్ను అలా అడగాల్సింది కాదు. నీ మగ్గం నీకుంది” అన్నాడు. ఈసారి కూడా మెత్తగానే చెప్పాడు, అందరి ముందూ చెప్పాడు. ఈసారి అది సరిపోయింది.

“మరి వాటా, పెద్దమ్మా?” అని అడిగాడు, వెనక్కి తిరిగి. “ముందు ఏరుకోవాల్సింది మీరే.”

అందరూ కోడలి మూల వైపు చూశారు. ఆవిడ అడిగితే కాదనేవాళ్ళు లేరు. కోడలు అప్పుడే తన కర్ర పీకి ఇవ్వబోయింది.

“అది అక్కడే ఉండనియ్” అంది పెద్దమ్మ. “నాకు కాలువ మొగే కావాలి.”

“అదేమిటత్తయ్యా?”

“ముందు ఏరుకునేదాన్ని నేనేగా. నేను కాదంటే తర్వాత వరసలో ఎవరికో అంటగట్టినట్టే. మట్టి మేడం చెప్పింది, అక్కడ పెరిగింది పెరిగినట్టు కోసి బయటికి మోసుకుపోతే, మట్టిలో చేరిన ఎరువు ఏడాదికి కొంచెం కొంచెంగా తగ్గుతుందట. అక్కడే వదిలేస్తే మళ్ళీ అక్కడే కుళ్ళుతుంది. జమ్ము, తుంగ అంతా కోస్తాను. ఆ పై పొలాలవాళ్ళ గట్టున పోయించు బాబూ, వాళ్ళ ఎరువు వాళ్ళకే ఇద్దాం. కాలువ సంగతి నువ్వూ మేడమూ వెళ్ళి పెద్దవాళ్ళతో మాట్లాడండి.”

“మరి మీ చాపలకి తుంగ?”

పెద్దమ్మ కోడలి వైపు చూసింది. పదకొండేళ్ళుగా ఎవరినీ ఏమీ అడగని మనిషి. కాస్త సిగ్గుపడింది.

“ఏమ్మా, నీ మూలలోంచి నాకు కాసిని కట్టలు పెడతావా?”

కోడలు తల ఊపింది. అప్పటికే రెండో మగ్గం ఆవిడ కొడవలి భుజాన వేసుకుని కాలువ మొగ వైపు నడుస్తోంది. “ఒక్కతే కోస్తుందట, ఈ వయసులో” అని గొణుగుతోంది. పదకొండేళ్ళలో ఆవిడ పెద్దవాటాలో కాలు పెట్టడం అదే మొదలు. ఇంకో ఇద్దరు ముగ్గురు ఆవిడ వెనకే వెళ్ళారు.

పదిరోజుల తర్వాత కొత్త తుంగ చీలి, ఎండి, నాని మగ్గాల మీదకి వచ్చింది. పెద్దమ్మ కిటికీ పక్కన కూర్చుని మొదటి పోచ పడుగులోకి దూర్చింది. అది చాప సగానికి వచ్చి ఆగిపోయింది. రెండో పోచ అవతలి నుంచి దూర్చింది. రెండు కొసలూ మధ్యలో ఎదురై ఒకదాన్నొకటి చూసుకుంటూ ఉండిపోయాయి. నలభై ఆరేళ్ళు నేసిన మనిషికి ఆ తర్వాత ఏం చెయ్యాలో తెలియలేదు. ఇన్నేళ్ళూ ఆవిడ నవ్విన పనే అది.

అటూ ఇటూ చూసి, “అమ్మాయ్” అని చిన్నగా పిలిచింది.

కోడలు వచ్చి పక్కన ఇరుకుగా కూర్చుంది. పడుగుని వేళ్ళతో ఎడం చేసి, ఒక కొసని రెండు దారాల కింద నుంచి తెచ్చి, రెండో కొసని దాని మీదుగా వెనక్కి మడిచి, బొటనవేలితో నొక్కి పట్టింది. “చెక్క వెయ్యండత్తయ్యా.” పెద్దమ్మ వేసింది. అతుకు ఎక్కడుందో వేలితో తడిమి చూసినా దొరకలేదు.

“వచ్చిందా?” అంది కోడలు.

అంతటి నేతగత్తెకి ఒక్కసారి చూస్తే రాకేం. వచ్చేసింది. కిటికీలోంచి పడే వెలుగులో కోడలి బొటనవేలి మీద సన్నటి గీత తెల్లగా కనిపిస్తోంది. పెద్దమ్మ తన చెయ్యి తీసి ఆ చేతి పక్కన పెట్టింది.

“రాలేదు” అంది. “మళ్ళీ చూపించు.”